లాంగ్‌దోక్ ద్రాక్షసీమ: ఊరి పేరు, దిగుబడి కట్టడి

ఫ్రాన్సు దక్షిణ తీరాన, రోన్ నది సముద్రంలో కలిసే చోటు నుంచి స్పెయిన్ సరిహద్దు కొండల వైపు నెలవంకలా ఒంగిన నేలను లాంగ్‌దోక్ అంటారు. అక్కడి పాత భాషలో ‘ఓక్’ అంటే ‘ఔను’. ఔను అనడానికి ఓక్ అనేవాళ్ళ భాష గనక ‘లాంగ్ ద ఓక్’, ఆ భాష పలికే సీమ గనక లాంగ్‌దోక్. గార్, ఎరో, ఓడ్ జిల్లాలు దీనికి గుండెకాయ. దక్షిణాన ఆనుకుని ఉన్న రూసియోన్‌ను వైన్ లెక్కల్లో తరచుగా దీనితోనే కలిపి చెబుతారు. వేసవి పొడిగా సాగుతుంది, వానలు ఎక్కువగా శరత్తులో, వసంతంలో పడతాయి. వాయవ్యం నుంచి వీచే త్రామోంతాన్ గాలి ఆకు మీద తడిని నిలవనివ్వదు కాబట్టి బూజు తెగుళ్ళ బెడద తక్కువ. ద్రాక్ష పండుతుందా లేదా అన్న బెంగ షాంపేన్ రైతుది. లాంగ్‌దోక్ రైతు ముందున్న ప్రశ్న వేరు: ఎంత పండనివ్వాలి? ఒక ఊరి పేరునో సీమ పేరునో సీసా మీద వేసుకునే హక్కును, ఆ హక్కు వెంట వచ్చే షరతులను కలిపి ఫ్రెంచివారు ‘అపెలాసియోన్’ అంటారు. మట్టి గొప్పతనానికి ఇచ్చిన బిరుదుగా దాన్ని చెప్పుకోవడం పరిపాటి. లాంగ్‌దోక్ చరిత్రను దగ్గరగా చూస్తే మరో సంగతి కనబడుతుంది. ఎండ ధారాళంగా ఇచ్చే పంటలో కొంత వదులుకుంటామని రైతులు ఒకరికొకరు రాసుకున్న ఒప్పందమే ఇక్కడ అపెలాసియోన్. దాని విలువ వాళ్ళు వదులుకున్నదాని విలువే.

ఈ ధారాళం నిన్నమొన్నటిది కాదు. క్రీస్తుపూర్వం 118లో రోమన్లు నార్బోన్‌లో వలస పట్టణం కట్టి, దాని మీదుగా ఇటలీని స్పెయిన్‌తో కలిపే దోమీషియా బాట వేసినప్పటి నుంచి ఇక్కడి వైన్ బయటి ఊళ్ళకు వెళ్తూనే ఉంది. క్రీస్తుశకం 92లో దోమీషియన్ చక్రవర్తి రాష్ట్రాల్లోని ద్రాక్షతోటల్లో సగం పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. అది ఎంతవరకు అమలైందన్నది వేరే చర్చ, పంట మిగిలిపోవడం పాలకుణ్ణి అప్పుడే కలవరపెట్టిందన్నది మాత్రం గమనించదగ్గది. 1666లో సేత్ రేవు, 1681లో పియేర్-పోల్ రికే తవ్వించిన మీదీ కాలువ వచ్చాక సరుకు రవాణా తేలికైంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ రైలు రావడంతో రూపమే మారిపోయింది. ఉత్తరాది గనుల్లో, మిల్లుల్లో పనిచేసే కూలీలకు చవక వైన్ కావాలి; పగలూ రాత్రీ నడిచే సరుకు బళ్ళు దాన్ని మోసుకుపోతాయి. రైతులు కొండవాలు వదిలి మైదానంలోకి దిగారు. ఆరమోన్ అనే రకం అక్కడ హెక్టారుకు 200 హెక్టోలీటర్లు దాటి, అంటే 20,000 లీటర్లకు మించి ఇచ్చేది. రంగు పలచన, రుచి పలచన, అయినా గిట్టుబాటయ్యేది. ఈలోగా 1863 ప్రాంతంలో గార్ జిల్లాలో ఫిలోక్సెరా అనే వేరు పురుగు కనబడింది. 1868లో మోంపెలియే శాస్త్రవేత్త జూల్-ఎమిల్ ప్లాంషోన్, ఆయన సహచరులు తోటలను చంపుతున్నది అదేనని గుర్తించే నాటికి పురుగు పాకిపోయింది. పురుగును తట్టుకునే అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టి తోటలను మళ్ళీ లేపారు. అంత ఖర్చు పెట్టి నాటిన తోట నుంచి రైతు ఇంకా ఎక్కువ పిండుకోవాలనుకోవడం సహజం.

పురుగు రోజుల్లో వైన్ కరువైంది. ఆ సందులో కల్తీ పుట్టింది. పిండిన పిప్పి మీద నీళ్ళు, చక్కెర పోసి రెండోసారి పులియబెట్టేవారు. ఎండుద్రాక్ష నానబెట్టి వైన్ తీసేవారు. తోటలు కోలుకున్నాక కూడా ఆ సరుకు బజారు వదల్లేదు. వైన్ అంటే తాజా ద్రాక్ష లేదా తాజా ద్రాక్షరసం పులిస్తే వచ్చేది మాత్రమేనని 1889లో చట్టం నిర్వచించాల్సి వచ్చింది. ఇంత తేటతెల్లమైన మాటకు చట్టం కావలసి రావడమే అప్పటి పరిస్థితిని చెబుతుంది. 1903లో చక్కెర మీద పన్ను తగ్గింది. ఉత్తరాది బీట్ రైతుకు మేలు, దక్షిణాది ద్రాక్ష రైతుకు దెబ్బ. ఆల్జీరియా వైన్ కూడా సేత్ రేవులో దిగుతూనే ఉంది. ధర కూలిపోయింది. 1907 మార్చి 11న అర్జెలియే అనే ఊరి నుంచి మార్సెలాన్ ఆల్బేర్ వెంట 87 మంది రైతులు నార్బోన్‌కు నడిచి వెళ్ళారు. ఆ తరువాత ఆదివారం ఆదివారం సభలు పెరిగాయి. జూన్ 9న మోంపెలియేలో 5 లక్షల మందికి పైగా కూడారని అంచనా. ప్రధాని క్లెమాన్సో సైన్యాన్ని దింపాడు. నార్బోన్‌లో జూన్ 19, 20 తేదీల్లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. బెజియే చుట్టుపక్కల పిల్లలే సిపాయిలుగా ఉన్న 17వ పదాతి దళం ఆ వార్త విని తిరగబడి, ఆగ్డ్ నుంచి బెజియేకి నడిచి వచ్చేసింది.

ఆ నెల 29న వచ్చిన చట్టాన్ని కాస్త నిదానంగా చదవాలి. ఇక్కడి నిబంధనలన్నిటికీ విత్తనం అందులోనే ఉంది. కోత అయ్యాక ప్రతి రైతూ, కౌలుదారూ తన ఊరి పురపాలక కార్యాలయానికి వెళ్ళి మూడు సంగతులు చెప్పాలి: కాపులో ఉన్న తోట ఎంత, ఈ ఏడు తీసిన వైన్ ఎంత, పోయినేటిది నిల్వ ఎంత. ఆ వివరాలు ఎవరడిగినా చూపించాలి. ఎవరెవరు ఎంత చెప్పారో పేర్లతో జాబితా రాసి కార్యాలయం తలుపు మీద అంటించాలి. పక్క పొలం వాడి తోట ఎంతో, అది ఎంత కాస్తుందో ఊళ్ళో అందరికీ తెలుసు. రెండెకరాల తోట నుంచి అయిదెకరాల వైన్ వచ్చిందని రాస్తే ఆ తలుపు ముందు నిలబడ్డవాళ్ళకు ఇట్టే అర్థమైపోతుంది. తనిఖీ అధికారి రాకముందే ఊరి కన్ను తనిఖీ చేస్తుంది. నేల, దిగుబడి, అమ్మకం, ఈ మూడు అంకెలూ ఒకదానికొకటి సరిపోవాలన్న లెక్క ఇప్పటికీ ప్రతి అపెలాసియోన్‌కూ పునాది.

ఊరి పేర్లకు సంబంధించిన చట్టం ఈ సంగతి తెలుసుకోవడానికి మరో 28 ఏళ్ళు పట్టింది. 1919 చట్టం ఊరి పేరు ఎవరు వాడుకోవాలో తేల్చే పని కోర్టులకు అప్పగించింది. కోర్టులు హద్దులు చూశాయి, తీగ జాతిని గానీ దిగుబడిని గానీ చూడలేదు. ఫలితంగా పేరున్న ఊళ్ళో పల్లపు నేలలో నాసిరకం తీగ నాటి, విపరీతంగా కాయించి, అదే పేరుతో అమ్ముకోవడం చట్టబద్ధమైపోయింది. ఈ లోపాన్ని పట్టుకున్నవాడు బోర్డో ప్రాంతపు శాసనకర్త జోసెఫ్ కాపూ. ఆయన పేరుతో పిలిచే 1927 చట్టం తీగ రకాన్ని, నేలను లెక్కలోకి తెచ్చింది. 1935 జూలై 30 శాసనం అడుగు ముందుకేసి, హెక్టారుకు గరిష్ఠ దిగుబడి, కనీస ఆల్కహాలు, తయారీ పద్ధతి కూడా రాయాలంది. ‘అపెలాసియోన్ దొరిజిన్ కోంత్రోలే’, పొట్టిగా ఏఓసీ, అప్పుడు పుట్టింది. దాన్ని చూసుకునే సంస్థ తరువాత ఐనావో అనే పేరుతో స్థిరపడింది. 1919కీ 1935కీ నడుమ తేడా చిన్నది కాదు. పుట్టిన చోటు మొదటి చట్టానికి సరిపోయింది. రెండోది పుట్టిన చోట ఏం చేయకుండా ఉంటావని రైతును అడిగింది.

ఈ అడగడం ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక్క మొక్క దగ్గర ఆగితే చాలు. ఇక్కడి పాత తోటల్లో పందిరి ఉండదు, ఇనుప తీగె ఉండదు. మోకాలెత్తు మొద్దు నుంచి నాలుగైదు చేతులు చుట్టూ విచ్చుకుని గిన్నెలా నిలబడతాయి. ‘గోబ్లే’ అనే పేరు అందుకే. చలికాలంలో కత్తిరించేవాడు ఒక్కో చేతి కొసన రెండు కళ్ళున్న పుల్ల ఒక్కటి ఉంచి మిగతాది తీసేస్తాడు. ఏ కన్ను ఉంచితే ఎన్ని గుత్తులు వస్తాయో అతనికి తెలుసు. జనవరి చలిలో అతను కోసి పారేసే పుల్లలే సెప్టెంబరులో రాని గుత్తులు. మొక్కకు ఎన్ని కళ్ళు ఉండవచ్చో ఆయా పేర్ల నిబంధనల పత్రంలో అంకె వేసి రాసి ఉంటుంది. హెక్టారుకు కనీసం 4,000 మొక్కలుండాలి, వరుసల ఎడం 2.5 మీటర్లు దాటకూడదు అన్నవి చాలా పత్రాల్లో కనబడతాయి. మొక్కలు ఒత్తుగా ఉంటే ఒక్కోదాని కాపు తగ్గుతుంది. ఎర్ర వైన్‌కు దిగుబడి సుమారు 50 హెక్టోలీటర్ల దగ్గర ఆగాలి. ఆరమోన్ కాలంతో పోలిస్తే నాలుగో వంతు. చల్లటి సీమల్లో చాలీచాలని తీపిని సరిచేయడానికి రసంలో కొంత చక్కెర కలపనిస్తారు. మధ్యధరా జిల్లాల్లో సాధారణంగా అది నిషిద్ధం. చక్కెర మోసం మీద తిరగబడిన సీమకు ఆ నిషేధం గౌరవంగానే అనిపిస్తుంది.

అపెలాసియోన్ అంటే కట్టడే అన్న ఈ వాదనకు మొదటి ఆక్షేపణ మట్టిని నమ్మేవారి నుంచి వస్తుంది. హద్దులు గీసింది నేలే కదా, రైతులు దాన్ని గుర్తించారంతే కదా అంటారు. ఫోజేర్‌ను చూపిస్తే వాళ్ళ మాట నిజమే. ఆ పేరు కింద ఉన్న కొండవాలు దాదాపు అంతా పలకల్లా విడిపోయే షిస్టు రాయి. తీగ వేళ్ళు ఆ పలకల సందుల్లోంచి నీటి కోసం లోతుకు దిగుతాయి. ఆ పక్కనే సేన్-షినియాన్ ఉంది. దాని ఉత్తరపు సగం షిస్టు, దక్షిణపు సగం సున్నపురాయి బంకమన్ను, రెంటికీ పేరొక్కటే. ఫితూ మరీ విడ్డూరం. 1948లో లాంగ్‌దోక్ ఎర్ర వైన్లలో మొదటగా ఏఓసీ పొందిన ఆ పేరు తీరంలో ఒక ముక్క, లోపల కొండల్లో ఇంకో ముక్కగా పడి ఉంటుంది. రెంటి నడుమ ఉన్నది కోర్బియేర్ అనే మరో పేరు. ఈ పటాన్ని మట్టి ఒక్కటే గీసి ఉండదు. ఏ ఊరి రైతులు ఏ ఏడాది ఏ షరతుకు కలిసి సంతకం పెట్టారన్నది కూడా గీసింది. నేలకు రుచి మీద పట్టు లేదని దీని అర్థం కాదు. ఒకే నేలలో హెక్టారుకు 50 హెక్టోలీటర్లు తీసినప్పుడు వినిపించే మట్టి మాట 200 తీస్తే వినబడదు. మట్టి పలకాలంటే ముందు కట్టడి ఉండాలి.

లాంగ్‌దోక్‌కు ఈ గౌరవం ఎంత ఆలస్యంగా దక్కిందో చూస్తే వాదన మరింత గట్టిపడుతుంది. 1936లో ఏఓసీ దక్కిన ఫ్రోంతిన్యాన్ మస్కట్, పులుస్తుండగా సారాయి పోసి తీపిని నిలిపే తియ్య వైన్. 1938లో బ్లాంకెట్ ద లిమూ, అది నురగ వైన్. రోజూ తాగే ఎర్ర వైన్ దగ్గరకొచ్చేసరికి, ఫితూ తరువాత ఫోజేర్, సేన్-షినియాన్‌ల ఎర్ర వైన్లకు 1982 దాకా, కోర్బియేర్, మినెర్వువాలకు 1985 దాకా పట్టింది. అదే నేల, అదే ఎండ రెండు వేల ఏళ్ళుగా ఉన్నవే. మారింది రైతు చేసిన పని. మిగులు పంటను బట్టీకి పంపడానికి రాజ్యం డబ్బులిచ్చేది; రైతు దానికే అలవాటు పడ్డాడు. మరోవైపు ఫ్రాన్సులో 1960 ప్రాంతంలో మనిషికి ఏడాదికి వంద లీటర్లకు పైగా ఉన్న వాడకం ఏటేటా పడిపోతూ వచ్చింది. 1976 మార్చి 4న మోంత్రెదోన్ దగ్గర రైతులకూ పోలీసు దళాలకూ జరిగిన కాల్పుల్లో ఒక రైతు, ఒక అధికారి చనిపోయారు. ఆ దెబ్బ తరువాత మైదానపు తోటలు పీకేశారు. ఆరమోన్ కనుమరుగైంది, కారిన్యాన్ తగ్గింది, సిరా, గ్రెనాష్, మూర్వెద్ర్ తీగలు కొండవాలు ఎక్కాయి. ఒక్క రకంతో సరిపెట్టకుండా వీటిని కలపాలన్నది ఇక్కడి ఎర్ర వైన్ పత్రాల్లో సాధారణ షరతు. కారిన్యాన్ విషయంలో మాత్రం అప్పటి పెద్దలు తొందరపడ్డారని నా అభిప్రాయం. ముసలి కారిన్యాన్ మొక్క తనంతట తానే తక్కువ కాస్తుంది, దాని వైన్ ఇప్పుడు వెతుక్కుని కొంటున్నారు. చట్టం తీగ జాతిని దోషిగా చూసింది, దోషం దిగుబడిది.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ పేరు మా ద దోమా గసాక్. 1970ల మొదట్లో ఎమే గిబేర్ కుటుంబం ఆనియాన్ దగ్గర కొండల్లో కొన్న ఆ పొలం మట్టిని బోర్డో భూగోళ ఆచార్యుడు ఆంరీ ఆంజల్బేర్ చూసి మెచ్చుకున్నాడు. గిబేర్ నాటింది ఎక్కువగా కబెర్నే సోవిన్యోన్, అక్కడి ఏఓసీ జాబితాలో లేని తీగ. 1978 పంట వైన్ నిపుణుడు ఎమిల్ పేనో సలహాతో మొదటి వైన్ అయింది. చట్టం దృష్టిలో అది ఏఓసీ లేని మామూలు వైన్. కొన్నేళ్ళకే పత్రికలు దాన్ని బోర్డో మేటి వైన్లతో పోల్చాయి. అపెలాసియోన్ లేకుండానే ఇంత గొప్ప వైన్ వస్తే ఆ కాగితాలెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ గిబేర్ కట్టడిని వదిలేయలేదు, తన కట్టడిని తానే రాసుకున్నాడు. తక్కువ కాపు, రసాయనిక ఎరువులకు దూరం. పెట్టుబడీ పరిచయాలూ ఉన్న ఒక్క కుటుంబం తన పేరునే అపెలాసియోన్‌గా మార్చుకోగలదు. నాలుగు చోట్ల నాలుగు ముక్కల తోట ఉండి, పండినదంతా సహకార సంఘానికి పోసే రైతుకు ఆ దారి లేదు. 1901లో మారోసాన్‌లో వెలిసిన సంఘం మొదలుకొని ఈ సీమ బతుకంతా సహకార సంఘాలతో ముడిపడి ఉంది. ఊరి పేరు అలాంటివాళ్ళ ఉమ్మడి ఆస్తి. ఒక్కడు ఎక్కువ పిండుకుంటే అందరి ధర పడుతుంది కాబట్టి దానికి ఉమ్మడి కాపలా కావాలి.

ఊరి పేరు వద్దు, తీగ పేరు చాలు అన్నవాళ్ళకు 1987లో ‘వాన్ ద పేయి దోక్’ అనే తరగతి దారి చూపింది. ఇప్పుడది ఐజీపీ (రక్షిత భౌగోళిక గుర్తింపు) తరగతిలో ఫ్రాన్సులోకెల్లా పెద్దది. యాభైకి పైగా రకాలు, 90 హెక్టోలీటర్ల దాకా దిగుబడి, సీసా మీద షార్దొనే, మెర్లో అని అందరికీ తెలిసిన పేరు. దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. ఎన్నో సంఘాలను నిలబెట్టింది ఇదే. అయితే తీగ పేరుకు ఊరి కాపలా ఉండదు. లిమూ చుట్టుపక్కల నుంచి అమెరికాకు పినో నువార్ పేరుతో వెళ్ళిన వైన్ నిజానికి మెర్లో, సిరా అని తేలి, 2010 ఫిబ్రవరిలో కార్కసోన్ కోర్టు 12 మందికి శిక్ష వేసింది. దాదాపు 1.8 కోట్ల సీసాలకు సరిపడా సరుకు అది. అధికారులకు అనుమానం నాలుక మీద పుట్టలేదు, లెక్కలో పుట్టింది. ఆ ప్రాంతం పండించగలిగిన పినో కంటే అమ్మిన పినో ఎక్కువగా ఉంది. 1907 నాటి కార్యాలయం తలుపు లెక్కే నూరేళ్ళ తరువాత కూడా దొంగను పట్టించింది.

పేర్లు మరీ ఎక్కువైపోయాయి, కొనేవాడికి గుర్తుండవు అన్న ఫిర్యాదును కొట్టిపారేయలేం. 2007లో ‘లాంగ్‌దోక్’ అన్న వెడల్పాటి పేరు వచ్చింది. దాని కింద నుంచి కఠిన షరతులకు ఒప్పుకున్న ఊళ్ళు విడిపడి సొంత పేరు పెట్టుకున్నాయి. 2014లో తెరాస్ దు లార్జాక్, 2015లో లా క్లాప్, వాటి వెనకే పిక్ సేన్-లూ. అన్నిటికీ ఒకే దారి కూడా కాదు: ‘తో’ అనే మడుగు ఒడ్డున పండే పిక్‌పూల్ ద పినేలో కలపడం ఊసే లేదు, తెల్ల పిక్‌పూల్ ఒక్కటే ఉండాలి. గుర్తుపెట్టుకోవడం కష్టమే. కానీ పేర్లు తగ్గించి పలచన చేస్తే కష్టపడినవాడికి ప్రతిఫలం ఉండదు. ఈ వ్యవస్థ ప్రపంచ వాణిజ్య ఒప్పందాల్లోకీ పాకింది. వైన్, సారాయిల ఊరి పేర్లకు అక్కడ మిగతా సరుకుల కంటే ఎక్కువ రక్షణ ఉంది. ఆ రక్షణ అన్ని సరుకులకూ కావాలని భారత్ వాదిస్తూ వచ్చింది. మన 1999 భౌగోళిక గుర్తింపు చట్టం ఆ ఒప్పందం నుంచి వచ్చిందే. 2017లో బంగినపల్లి మామిడికి దక్కిన గుర్తింపు దాని కిందిదే. అయితే చెట్టుకు ఎన్ని కాయలు ఉంచాలో ఆ గుర్తింపు చెప్పదు. లాంగ్‌దోక్ పత్రాన్ని పక్కన పెట్టి చూస్తే ఉన్న పెద్ద తేడా అదే.

ఇప్పుడు ఎండే ఎదురు తిరుగుతోంది. 2019 జూన్ 28న ఎరో జిల్లా వెరార్గ్‌లో ఉష్ణోగ్రత 46 డిగ్రీలు తాకింది. గార్, ఎరో తోటల్లో ఆకులు, గుత్తులు మంట తగిలినట్టు మాడిపోయాయి. నీళ్ళు పెట్టడం మీద ఏఓసీలో ఉన్న ఆంక్షను 2006లోనే షరతులతో సడలించారు. రోన్ నీటిని పడమటి తోటలకు తెచ్చే ఆక్వా దోమీషియా గొట్టపు మార్గం నడుస్తోంది. నిబంధనలు ఈ ఎండకు తట్టుకోలేవు, రైతును వదిలేయండి అనేవారు పెరిగారు. కట్టడి అవసరం మిగులు కాలానికి పుట్టిందని ఒప్పుకున్నా, కొరత కాలంలో దాని పని అయిపోలేదు. తోటలన్నిటికీ నీరు చాలనప్పుడు ఎవరు ఎంత వాడుకోవాలన్నది మళ్ళీ ఉమ్మడి లెక్కే. రకాల విషయంలో ఐనావో 2018 నుంచి ఒక తలుపు తెరిచింది: వేడిని ఓర్చుకునే కొత్త తీగలను రైతు తన తోటలో 5 శాతం దాకా నాటవచ్చు, వైన్‌లో 10 శాతం దాకా కలపవచ్చు, ఫలితాలు చూశాకే శాశ్వతంగా జాబితాలో చేర్చాలా వద్దా అన్నది తేలుతుంది. గ్రీసు, ఇటలీ, పోర్చుగల్ ఎండల్లో పెరిగిన తీగలు ఆ 5 శాతపు చాళ్ళలో ఇప్పుడు పాత గ్రెనాష్ పక్కన నిలబడుతున్నాయి. వాటినీ చలికాలంలో అదే పత్రంలోని అంకె చూసి, కళ్ళు లెక్కపెట్టి కత్తిరిస్తారు.